చదవకుండా వదిలేసిన ఎనిమిదో పాఠం

మావారు పోయి ఏడాది దాటింది. ఇప్పటికీ అప్పుడప్పుడు ఎవరో ఒకరు మా గుమ్మం ఎక్కుతారు. "ఏవండీ, మీ దగ్గర ఏవో ఇంటర్నెట్ కాగితాలున్నాయటగా? మా అత్తగారు కూడా ఈమధ్య కాస్త..." అని నసుగుతారు. జబ్బు పేరు మాత్రం నోటితో అనరు. ఒకప్పుడు నేనూ అనలేదు కాబట్టి వాళ్ళని తప్పు పట్టను. లోపలికి వెళ్ళి కట్ట తెచ్చిస్తాను. మొత్తం ఎనిమిది పాఠాలు. అంచుల్లో నా తెలుగు రాతలు, అక్కడక్కడా కూర మరకలు. ఎనిమిదో పాఠాన్ని అన్నిటికంటే పైన పెట్టి, "ముందు ఇది చదవండి" అంటాను. దాని పేరు చూడగానే, ఒకప్పుడు నేను పెట్టిన మొహమే వాళ్ళూ పెడతారు. ఎందుకు చదవాలో నోటితో చెప్పబోతే సగంలోనే ఆపేసి లోపలికి వెళ్ళిపోతున్నాను. అందుకని రాస్తున్నాను.

2001

మావారి పేరు సాంబశివరావు. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో ఇరవై ఏళ్ళకి పైగా కంట్రోల్ రూమ్ ఆపరేటరు. వాళ్ళ పని గురించి రెండు ముక్కలు చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. గోడ నిండా ముళ్ళు ఊగే మీటర్లుంటాయి. వాటి ముందు కుర్చీలో కూర్చుని గంట గంటకీ రీడింగులు పుస్తకంలో రాయాలి. తర్వాతి షిఫ్టు మనిషిని రిలీవరు అంటారు. ఆ రిలీవరు వచ్చి, పుస్తకం చూసి, సంతకం పెట్టి, "చార్జ్ తీసుకున్నాను" అంటేనే కుర్చీలోంచి లేవాలి. రాకపోతే ఆకలైనా, ఒళ్ళు నొప్పులైనా అక్కడే. ఆయన పొద్దుటి షిఫ్టులో ఉన్నప్పుడు మధ్యాహ్నం రెండింటికి విడిపించేది ఎక్కువగా ఖాదర్ గారు. ఖాదర్ గారిది కొండపల్లి, సైకిలు మీద వచ్చేవారు. దారిలో రైలు గేటు పడిందంటే పది నిమిషాలు ఆలస్యం. మావారు ఇంటికొచ్చి చొక్కా విప్పుతూ, "ఇవాళా గేటేనట!" అని విసుక్కునేవారు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆయనకి అంతకంటే దగ్గరి మనిషి లేడు.

ఇంకో మాట. ఆ పుస్తకం విషయంలో మావారికి ఒక పట్టుదల ఉండేది. "జరిగింది రాయాలి. జరగాల్సింది కాదు" అనేవారు. మా అమ్మాయి శైలజ చిన్నప్పుడు సైన్సు ప్రయోగంలో లెక్క కుదరక పుస్తకంలో ఉన్న అంకె ఎక్కించేస్తే, అది చెరిపించి తనకొచ్చిన తప్పు అంకే రాయించారు.

యాభై ఎనిమిదేళ్ళు నిండి రిటైరయ్యారు. దండలేశారు, శాలువా కప్పారు, గోడ గడియారం ఇచ్చారు. నెల తిరక్కుండానే ఒకే ఉదయం మూడుసార్లు దొండకాయలు తెచ్చారు. "ఇంట్లో దొండకాయల కొట్టు పెడదామనా ఏంటి?" అని నేను నవ్వితే ఆయన నవ్వలేదు. సంచీ వైపు చూస్తూ అలాగే నిలబడిపోయారు. అప్పుడే నాకు తెలియాల్సింది. "రిటైరైన మగాళ్ళింతేనండీ, ఆర్నెల్లు పోతే సర్దుకుంటారు" అన్నారు అందరూ. నేనూ నమ్మాను. నమ్మడం సుఖం కదా.

తర్వాత ఫ్రిజ్ ముందు కుర్చీ వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టారు. దాని పక్కన గోడకి స్టెబిలైజరు ఉంది, ముల్లు ఊగే డబ్బా. ఆ ముల్లు చూసి గంట గంటకీ వోల్టేజీ ఒక నోటుబుక్కులో రాసుకునేవారు. పోనీలే, కాలక్షేపం అనుకున్నాను. ఇరుగుపొరుగుకి చెప్పుకుని నవ్వాను కూడా. ఆ నవ్వు తల్చుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

2003

ఆ వేసవిలో పామర్రులో ఉన్న వాళ్ళక్క రాజ్యం వదిన దగ్గరికి ఒక్కరే బయల్దేరారు. ఎన్నోసార్లు వెళ్ళొచ్చిన దారే. మధ్యాహ్నం దాటాక వదిన ఫోను. "తమ్ముడేడే? ఇంకా రాలేదు?" కట్టుకున్న చీరతోనే బస్సెక్కాను. విజయవాడ బస్టాండులో ప్లాట్‌ఫారాలన్నీ తిరిగాను. ఒక బెంచీ మీద దొరికారు. పొద్దుటినుంచీ అక్కడే ఉన్నారు. అన్నం డబ్బా మూత కూడా తియ్యలేదు.

"ఇక్కడ కూర్చున్నారేంటండీ?" అన్నాను.

"రిలీవరు రాలేదే" అన్నారు. అడక్కూడనిది అడిగానన్నట్టు చూశారు నా వైపు.

విజయవాడలోనే సూర్యారావుపేటలో నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. తొమ్మిదింటికి టోకెను తీసుకుంటే రెండైనా పిలవలేదు. ఆయన ప్రతి ఐదు నిమిషాలకీ లేవడం, తలుపు తోసుకుని వెళ్ళబోవడం, నేను చెయ్యి పట్టి లాగడం, జనమంతా మమ్మల్నే చూడటం. నా తల ప్రాణం తోకకొచ్చింది. నాగాయలంక వైపు నుంచి వాళ్ళమ్మని తీసుకొచ్చిన ఒకావిడ మా ఎదుటి బెంచీలో ఉంది. చేపల వ్యాపారమట. తన సంచీలోంచి వల తాడు ఉండ తీసి మావారి ఒళ్ళో పెట్టింది.

"బాబాయ్, ఈ చిక్కు కాస్త తీసిపెట్టు. నా వల్ల కావట్లేదు."

ఆయన గంటసేపు తలెత్తలేదు. ఒక్కొక్క ముడీ విప్పుతూ కూర్చున్నారు. ఆవిడ నా చెవిలో, "మా అమ్మక్కూడా ఇదే ఇస్తానమ్మా. చిక్కు నేనే వేసి ఇస్తా" అంది. ఈ జబ్బు గురించి నాకు ఎవరైనా చెప్పిన మొదటి పాఠం అది. ఆవిడ పేరడగడం కూడా మర్చిపోయాను.

లోపల డాక్టరు ఐదే నిమిషాలు చూశారు. డిమెన్షియా అన్నారు. తగ్గేది కాదు, పెరుగుతుంది, ఓపిగ్గా చూసుకోవాలి అన్నారు. "ఎలా చూసుకోవాలండీ?" అనడిగితే, "ఇంటర్నెట్లో చాలా ఉందమ్మా, చదవండి" అని బెల్లు కొట్టారు. ఒళ్ళు మండింది. ఇంటర్నెట్టట! నేను పామర్రులో తెలుగు మీడియంలో ఇంటర్ గట్టెక్కినదాన్ని.

తిరుగు బస్సులో గొల్లపూడి దాటాక ఆయన హఠాత్తుగా మాట్లాడారు. పాత సాంబశివరావు గారి గొంతు, తెరిపిగా ఉంది.

"మా నాయనమ్మకీ ఇదే వచ్చింది, లక్ష్మీ. అప్పుడు నాకు పదేళ్ళు. చీర ముక్కతో మంచం కోడుకి కట్టేసేవాళ్ళు. విప్పుకుంటే మా బాబాయి కొట్టేవాడు. నేను అన్నం పట్టుకెళ్తే నేనెవరో తెలీక, 'బాబూ, కొట్టకండి' అని దణ్ణం పెట్టేది నాకు."

ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. "నాకు ఏమన్నా చెయ్యి. కట్టెయ్యకు. కొట్టకు."

"అవేం మాటలండీ! నా కంఠంలో ప్రాణముండగా మీ మీద చెయ్యి పడనిస్తానా?" అని ఆయన చేతిలో చెయ్యేసి ఒట్టు పెట్టాను. ఆ తర్వాత ఐదేళ్ళూ ఆ ఒట్టు నిలబెట్టుకోవడం తప్ప నాకు వేరే బతుకు లేదు.

2004 – 2005

శైలజది హైదరాబాదులో ఉద్యోగం. ఫోనులో, "అమ్మా, ఇలాంటివాళ్ళని ఇంట్లో చూసుకునేవాళ్ళ కోసమే పాఠాలున్నాయి. లింకు మెయిల్ చేశాను. నెట్ సెంటర్లో ఎవరైనా చూపిస్తారు, వెళ్ళు" అంది. మా ఇబ్రహీంపట్నం రింగు సెంటర్లో సుజాత అని నలభై ఏళ్ళావిడ, అంతకుముందు ఎస్టీడీ బూత్ నడిపి, దాన్నే నెట్ సెంటర్ చేసింది. ఎదురింటావిడ ఆయన దగ్గర ఓ గంట కూర్చుంటానంటే పరిగెత్తాను. ఆ రోజు ఏవో పరీక్షల ఫలితాలట, పిల్లలూ తల్లిదండ్రులూ మెట్ల మీద దాకా ఉన్నారు. నా వంతు వచ్చేసరికి కరెంటు పోయింది. మర్నాడు మళ్ళీ వెళ్ళాను. ఒక్కో పేజీ తెరుచుకునేలోపు అన్నం వార్చుకోవచ్చు. సుజాత విసుక్కోకుండా, "కూర్చోండక్కా, వస్తుంది" అనేది.

ఏదో దూరదేశం వాళ్ళు పెట్టిన పాఠాలు. అన్నీ ఇంగ్లీషే. ప్రింటు తీయించుకుని, నిఘంటువు పక్కన పెట్టుకుని, ఒక్కో మాటకీ అర్థం అంచున రాసుకునేదాన్ని. కారు తాళాలు దాచెయ్యమని రెండో పాఠంలో ఉంది. మాకు కారెక్కడిది, నా మొహం! సైకిలు తాళం దాచాను. ఒంటిమీద పేరూ ఫోను నంబరూ ఉండేలా చూడమన్నారు. ఆ వారమే రాజ్యం వదిన తాయెత్తు తెచ్చి తమ్ముడి మెళ్ళో కట్టింది. ఆ బిళ్ళ వెనకాల మా ఫోను నంబరు చెక్కించాను. ఆవిడ మంత్రం ముందుంది, నా నంబరు వెనకుంది, ఇద్దరికీ తృప్తే.

ఎనిమిదో పాఠం తెరిచినప్పుడు, తోటలో కుర్చీ వేసుకుని ఒంటరిగా టీ తాగుతున్న ఒక దొరసాని బొమ్మ వచ్చింది. చూసుకునేవాళ్ళు తమని తాము చూసుకోవడం గురించట. వారానికి కొన్ని గంటలైనా మనిషిని ఇంకొకరికి అప్పగించాలట.

"చాల్లే అమ్మా! కట్టుకున్నవాణ్ణి ఎవరికో అప్పజెప్పి టీ తాగడమా? మనకొద్దు ఆ గోల" అన్నాను.

"ఒక్క కాగితమేగా అక్కా, అది కూడా తీసుకోండి" అంది సుజాత.

"వద్దంటున్నాగా!" అని కసిరాను. ఏడు పాఠాలే ఇంటికి తెచ్చుకున్నాను.

అప్పటికి నాకు అసలు యుద్ధం మధ్యాహ్నం రెండింటికి. స్టెబిలైజరు ముందు కూర్చున్న మనిషి అన్నానికి లేవరు, బాత్రూముకి లేవరు. రిలీవరు రావాలి. "మీరు రిటైరయ్యారండీ, ఉద్యోగం అయిపోయింది!" అని అరిచేదాన్ని. విన్న ప్రతిసారీ ఆయనకది కొత్త కబురే. మొహం పాలిపోయేది. "నన్ను తీసేశారా? ఏం తప్పు చేశాను?" అనేవారు. మర్నాడు మళ్ళీ ఇదే. పంచె తడిసిపోయేదాకా కుర్చీ వదలని రోజులున్నాయి.

వాదించొద్దని మూడో పాఠం. వాళ్ళున్న చోటికి మనమే వెళ్ళాలి, మనం ఉన్న చోటికి వాళ్ళని లాక్కురాకూడదు అని దాని సారం. సరే, నేనే వెళ్ళి, "చార్జ్ నాకివ్వండి" అన్నాను. ఆయన ఎగాదిగా చూసి, "నీకా? మీటరు చూడ్డం వచ్చా నీకు? బయటికి పోమ్మా, ఎవరన్నా చూస్తే మాటొస్తుంది" అన్నారు.

మర్నాడు రెండింటికి ఇంకో ఎత్తు వేశాను. "ఖాదర్ గారొచ్చారండీ. బయట సైకిలు స్టాండేస్తున్నారు. ఈలోపు పుస్తకం తెమ్మన్నారు." నోటుబుక్కు వరండాలోకి తీసుకెళ్ళి, "యూనిట్ నార్మల్, చార్జ్ తీసుకున్నాను" అని రాసి, ఖాదర్ అని సంతకం గీకి తెచ్చి చూపించాను. ఆయన చదివి, "పర్లేదే, ఇవాళ గేటు పడలేదన్నమాట!" అని లేచి, చేతులు కడుక్కుని అన్నానికి కూర్చున్నారు.

వంటింట్లోకెళ్ళి ఏడ్చాను. మొగుడికి అబద్ధం చెప్పి ఇంత సంతోషపడ్డ ఆడది ఇంకొకతె ఉండదు. ఏడాదిన్నర పైగా రోజూ రెండింటికి ఖాదర్ గారి సంతకం పెట్టాను.

ఇక్కడో సంగతి ఒప్పుకోవాలి. ఆ మధ్యలో నిజం ఖాదర్ గారు మా ఇంటికి రెండుసార్లు వచ్చారు. "గురూ ఉన్నాడా చెల్లెమ్మా?" అని గేటు దగ్గర నిలబడ్డారు. "పామర్రు వెళ్ళారండీ" అని అక్కడినుంచే పంపేశాను. ప్లాంటులో దొరలా బతికిన మనిషిని తడి పంచెతో ఎవరూ చూడకూడదని నా పంతం. ఆయన పేరు లోపల వాడుకుంటూ, ఆయన్ని వీధిలోంచే సాగనంపాను.

2006

ఆ పేరూ పనిచెయ్యడం మానేసింది. ఒకరోజు నోటుబుక్కు చూసి మావారు తల అడ్డంగా ఊపారు. "సంతకం పెట్టి పంపే రకం కాదు వాడు. కుర్చీ దాకా వస్తాడు. పిలువు." అంతే. ఆ తర్వాత నా సంతకాలు చెల్లలేదు. రోజూ గీకి చూపిస్తూనే ఉన్నాను, ఆయన లేచేవారు కాదు. తిండి తగ్గింది, నిద్ర లేదు, ఆయనకీ లేదు నాకూ లేదు. ఏడు పాఠాలూ మళ్ళీ మళ్ళీ తిరగేశాను. పిచ్చిదాన్లా అంచులన్నీ రాతలతో నింపాను.

ఆ ఏడు వానల్లో ఊరంతా ఒళ్ళునొప్పుల జ్వరాలు. నాకూ వచ్చింది. ఎదురింటావిడ కూడా మంచాన పడింది. చీపురు పట్టుకుంటే వేళ్ళు ముడుచుకోవట్లేదు. ఒక గురువారం రెండున్నరయింది, ఆయన లేవలేదు. కుర్చీలోనే విరోచనమైపోయింది. వాసన. ఈగలు. లేవండి అన్నాను. బతిమాలాను. రెక్క పట్టుకుని లాగాను. ఆయన కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని, కాలితో నన్ను తోసేశారు. వెళ్ళి గోడకి కొట్టుకున్నాను.

లేచి వచ్చి చెంప మీద కొట్టాను. ఒకటి కాదు, రెండు.

ఆయన రెండు చేతులూ జోడించి మొహానికి అడ్డం పెట్టుకున్నారు. "కొట్టకండి సార్. రిలీవరు రాలేదు సార్. సీటెలా వదలను?" అన్నారు.

నేను నేల మీద కూలబడ్డాను. బస్సులో ఆయన చెప్పిన ముసలమ్మ నా ఎదురుగా కూర్చుని ఉంది. ఎంతసేపు అలా ఉన్నామో తెలీదు. తర్వాత ఎలాగో కడిగాను, బట్టలు మార్చాను. ఐదింటికి ఆయన ప్రసన్నంగా, "కాఫీ ఇస్తావా లక్ష్మీ?" అన్నారు. చెంప మీద నా వేళ్ళు నాలుగూ కనిపిస్తున్నాయి. ఆయన మర్చిపోయారు. నాకా వరం లేదు. ఆ రోజు నోటుబుక్కులో రెండు గంటల గడి ఖాళీగా ఉండిపోయింది.

రాజ్యం వదినకి ఫోను చేస్తే మర్నాడే వచ్చింది. తమ్ముడి చెంప చూసింది. నన్ను ఒక్క మాటా అనలేదు. అని ఉంటే బాగుండేది. సంచీలోంచి పాత నూలు చీర ముక్క తీసింది. బాగా ఉతికి మెత్తబడింది. "ఇది ఒరుసుకోదే. మా నాయనమ్మకప్పుడు ముతకది కట్టారు, అందుకే పుళ్ళు పడ్డాయి. నీ ఒంట్లోనూ ఓపిక లేదు. నువ్వు పోతే వాడి గతేంటి?" అంది, కళ్ళు తుడుచుకుంటూ. ఆవిడది ప్రేమే. ఆ గుడ్డని వీధిలోకి విసిరేశానని రాస్తే వినడానికి బాగుంటుంది. విసిరెయ్యలేదు. మడత పెట్టి బీరువాలో దాచుకున్నాను.

వదిన ఇంట్లో ఉంది కదా అని, జ్వరంతోనే నెట్ సెంటరుకి వెళ్ళాను. "సుజాతా, ఆ టీ తాగే దొరసాని కాగితం తియ్యమ్మా" అన్నాను. నా మొహం చూసి ఆవిడ చేతిలో పని ఆపేసి ఆ పేజీ తెరిచింది. అక్కడే తెరమీదే చదివించుకుని, ప్రింటూ తీయించుకున్నాను. చూసుకునేవాళ్ళు అలిసిపోతే ఒకనాటికి గొంతు లేస్తుంది, తర్వాత చెయ్యి లేస్తుంది అని ఉంది అందులో. ముందే ఉంది! రెండేళ్ళ కిందట నేను వద్దన్నప్పుడూ అదే కాగితంలో ఉంది. అది జరక్కముందే మనిషిని వెతుక్కోండి, అడగడానికి సిగ్గుపడకండి అని, పేర్లు రాసుకోవడానికి కింద ఐదు గీతలిచ్చారు. ఇప్పుడు ఎవరికి ఆ కాగితం ఇచ్చినా మొదటి గీత మీద నా పేరు నేనే రాసి ఇస్తున్నాను. ఆ రోజు నాకు ఒక్క పేరూ తట్టలేదు. వదినకి డెబ్బై దాటాయి. శైలజ హైదరాబాదులో.

"ఖాదర్ గారు?" అంది సుజాత. ఆ సంతకాల కథ ఆవిడకి నేనే చెప్పాను, గొప్పగా.

"ఏ మొహం పెట్టుకుని పిలవనే? గేటు దగ్గర్నుంచి తరిమేశాగా."

"రోజూ ఆయన పేరేగా రాస్తున్నారు. మనిషి రెండు మైళ్ళ దూరంలో ఉన్నాడు. వెళ్ళండక్కా, ఇంటికి కాదు, అట్నుంచి అటే."

కొండపల్లి బస్సెక్కాను. ఖాదర్ గారు అరుగు మీద కూర్చుని పేపరు చదువుతున్నారు. నన్ను చూసి లేచి నిలబడ్డారు. అంతా చెప్పాను, ఆ రెండు దెబ్బలు తప్ప. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు.

"నేనొచ్చిన రెండుసార్లూ లోపల్నుంచి గురూ గొంతు నాకు వినబడింది చెల్లెమ్మా. పామర్రు అన్నారు మీరు. సరే, పిలవని చోటికి ఎలా వస్తాం అనుకున్నా. నాదీ తప్పే. రేపు రెండింటికొస్తా."

రెండయింది. రాలేదు. రెండూ పదికి గేటు చప్పుడైంది. ఖాకీ చొక్కా, చేతిలో టిఫిను డబ్బా. నేరుగా కుర్చీ దగ్గరికి వెళ్ళారు.

"గేటు పడింది గురూ."

మావారు ముల్లు మీంచి చూపు తిప్పకుండానే, "నీకు రోజూ గేటే! పెళ్ళాం పిల్లలు లేరా మాకు?" అన్నారు.

"గూడ్సు బండి గురూ, నన్నేం చెయ్యమంటావ్? ఏంటి పరిస్థితి?"

"వోల్టేజీ తక్కువగా ఉంది. కనిపెట్టి ఉండు."

ఖాదర్ గారు నోటుబుక్కు తీసి పేజీలు తిప్పారు. వరసగా తన పేరు. నేను తలుపు వెనక చచ్చిపోయాను. ఆయన నా వైపు చూసి, "నా సంతకం ఇంత అందంగా ఉంటుందని నాకే తెలీదు చెల్లెమ్మా" అన్నారు మెల్లగా. తన సంతకం పెట్టారు. చార్జ్ తీసుకున్నారు. మావారు లేచి, ఒళ్ళు విరుచుకుని, నా వైపు నడిచొచ్చారు. వదిన అన్నం పెట్టింది. నేను పక్కగదిలో పడుకుని లేచేసరికి నాలుగు దాటింది. ఉలిక్కిపడి పరిగెత్తుకొస్తే ఖాదర్ గారు ఇంకా ఆ కుర్చీలోనే ఉన్నారు. మూడింటి రీడింగూ, నాలుగింటి రీడింగూ నిజంగానే రాసి ఉన్నాయి.

సోమవారం, గురువారం అని మొదలై, తర్వాత వారంలో నాలుగు రోజులయ్యాయి. బీరువాలోని ఆ చీర ముక్కతో స్టెబిలైజరు మీద దుమ్ము తుడవడం మొదలుపెట్టాను. కొన్నాళ్ళకి చిరిగిపోయింది.

2007 – 2008

ఇక్కడినుంచి బాగుపడ్డామని అనుకోకండి. ఈ జబ్బులో బాగుపడటం ఉండదు. ముందు అంకెలు పోయాయి. తర్వాత మాటలు. లక్ష్మి అనే పేరు ఏ రోజు పోయిందో నేను గమనించనైనా లేదు. కుర్చీ నుంచి మంచానికి మారారు. మింగడం మర్చిపోయారు, ముద్ద నోట్లోనే ఉండిపోయేది, వేలితో తియ్యాల్సొచ్చేది. ఒళ్ళు పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకి తిప్పేవాళ్ళం. ఐదో పాఠం అది. ఖాదర్ గారు ఓ పక్క, నేను ఓ పక్క. ఆయన రాగానే, "గేటు పడింది గురూ" అనడం మానలేదు. నాకు కోపం వచ్చేది, విసుగు వచ్చేది, ఈ మనిషి పోతే బాగుండునని కూడా కొన్నిసార్లు అనిపించింది. చెయ్యి మాత్రం మళ్ళీ లేవలేదు. ఆ ఒక్కసారికి అది మాఫీ కాదు.

2008 చివర్లో ఒక ఉదయం, తడిగుడ్డతో మొహం తుడుస్తుంటే, ఊపిరి ఆగిపోయింది. తుడవడం పూర్తి చేశాను.

పెద్దకర్మ అయిన మర్నాడు రెండూ పదికి గేటు చప్పుడైంది. అలవాటు కొద్దీ లేచి నిలబడ్డాను. ఖాదర్ గారు ఫ్రిజ్ ముందు ఆ కుర్చీలో కూర్చుని, "పుస్తకాలిలా ఇవ్వండి చెల్లెమ్మా, ఓసారి చూస్తా" అన్నారు. నాలుగు నోటుబుక్కులు. మావారి చేతిరాత గుండ్రంగా మొదలై, వాలి, గీతలైపోయి, ఒక పేజీ నుంచి ఖాదర్ గారి రాతగా మారిపోయింది. ఆయన వెనక్కి తిప్పుకుంటూ వెళ్ళి ఒకచోట ఆగారు.

"ఈ గురువారం రెండింటికి సంతకం లేదే?"

రెండేళ్ళు ఎవరికీ చెప్పలేదు. శైలజకీ చెప్పలేదు. చెంప చూసిన వదినతోనూ నోరు విప్పలేదు. ఆయనకి చెప్పాను. రెండు దెబ్బలు, జోడించిన చేతులు, సార్ అన్న మాట, బస్సులో పెట్టిన ఒట్టు, అన్నీ. చెప్పి, "మీ పేరే రాసి మూసెయ్యండి అన్నయ్యగారూ. ఖాళీగా చూడలేకపోతున్నాను" అన్నాను.

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "నేను రాయకూడదు. ఆ రోజు నేను రాలేదు" అన్నారు. "గురూ ఏమనేవాడో మీకు తెలుసుగా" అని, పెన్ను నా ముందు పెట్టారు.

కుర్చీ నాకిచ్చి ఆయన నిలబడ్డారు. ఆ గడిలో రాశాను. "మధ్యాహ్నం రెండున్నర. రిలీవరు రాలేదు. కొట్టాను." అన్నేళ్ళ ఆ పుస్తకాల్లో మొదటిసారి, దాని కింద నా సంతకం పెట్టాను. వరలక్ష్మి.